రెండు పాత పేటెంట్లు కలిపితే నా ఫిల్టర్ వచ్చేస్తుందా?

ప్రశ్న:
డ్రిప్ పైపులకు పెట్టే స్క్రీన్ ఫిల్టర్‌కి అమెరికాలో పేటెంట్ దరఖాస్తు చేశాను. మెష్‌కి ముందూ వెనకా నీటి ఒత్తిడి తేడా ఒక హద్దు దాటగానే నీరు వెనక్కి పారి, పట్టిన మురికిని తోసేస్తుంది. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ క్లెయిమ్ 1ని, అంటే నాకే హక్కు కావాలని కోరిన మొదటి అంశాన్ని, తిరస్కరించారు. మొదటి పాత పేటెంట్‌లో నాలాంటి మెష్ ఉంది, కానీ చేత్తో విప్పి కడగాలి. రెండోది ఈతకొలను ఫిల్టర్. అందులో ఒత్తిడిని బట్టి బ్యాక్‌వాష్ (నీరు వెనక్కి పారి కడగడం) అవుతుంది. ఈ రెండూ కలపాలని ఎవరికైనా తడుతుందట! నాకు నాలుగేళ్లు పట్టింది. అసలు ఈతకొలనుకీ పొలానికీ ఏం సంబంధం? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
రంగం వేరన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. మీరు తీర్చాలనుకున్న సమస్యకు పనికొచ్చేదైతే వేరే రంగంలోని పత్రాన్నీ తీసుకోవచ్చు. ఫిల్టర్ మూసుకుపోవడం రెండు చోట్లా ఉన్న సమస్యే.

జవాబు 2:
ఇలాంటి తిరస్కరణలకు చాలా ఏళ్లుగా సమాధానాలు రాస్తున్నాను. మీ నాలుగేళ్ల కష్టం చిన్నది కాదు. కానీ ఇలాంటి తిరస్కరణకు ఆధారమైన అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్ 103 చూసేది మీ కష్టాన్ని కాదు. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషికి, మీ దరఖాస్తు తేదీకి ముందు ఇది తట్టేదా అన్నదే అక్కడి ప్రశ్న. 2007లో కేఎస్ఆర్ అనే కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ మనిషి మరమనిషి కాడనీ, అతనికీ కొంత సొంత ఊహ ఉంటుందనీ చెప్పింది. ఆ కేసులో కారు పెడల్, ఎలక్ట్రానిక్ సెన్సర్ రెండూ పాతవే. వాటిని కలిపిన క్లెయిమ్ నిలవలేదు.

అలాగని విడిభాగాలు పాతవైతే చాలు, ఓడిపోయినట్టే అనుకోకండి. 1966లో ఆడమ్స్ బ్యాటరీ కేసు ఉంది. మెగ్నీషియం, క్యుప్రస్ క్లోరైడ్, నీళ్లు: ఏదీ కొత్తది కాదు. కానీ అప్పటివరకూ తెలిసిన విషయాలన్నీ ఆ దారిన పోవద్దనే చెబుతున్నాయి. పేటెంట్ నిలిచింది. నాకు చాలా ఇష్టమైన తీర్పు అది.

కాబట్టి మొదటి పేటెంట్ మళ్లీ చదవండి. చేత్తోనే ఎందుకు కడగమన్నారు?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాను. నీటిని వెనక్కి తిప్పితే మెష్ ఫ్రేము నుంచి ఊడిపోతుందని రాసి ఉంది! అందుకే నేను మెష్‌కి రెండు వైపులా ఆధారపు జల్లెడ పెట్టాను.

జవాబు 2:
ఇదే మీ బలం. చేత్తో కడగడం మేలని మాత్రమే రాసి ఉంటే సరిపోయేది కాదు. వెనక్కి తిప్పితే పాడవుతుందని రాసింది కాబట్టి, దాన్ని చదివినవాడు ఈతకొలను పద్ధతిని ఎందుకు తెచ్చుకుంటాడు?

కానీ మీరు చెప్పిన క్లెయిమ్ 1లో ఆ జల్లెడ మాటే లేదు. క్లెయిమ్‌లో లేనిదాని గురించి ఎంత వాదించినా లాభం ఉండదు. మొదట దాఖలు చేసిన వివరణలో అది ఉందో లేదో చూడండి. ఉంటే వెంటనే క్లెయిమ్‌లోకి తీసుకురండి. లేకపోతే ఇప్పుడు కొత్తగా చేర్చనివ్వరు. జవాబుకు సాధారణంగా మూడు నెలల గడువు ఉంటుంది. ఫీజు కట్టి ఆరు నెలల దాకా పొడిగించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ. మూడో బొమ్మలో గీసి, కింద రెండు పేరాలు వివరంగా రాశాను. ఈ రాత్రికే క్లెయిమ్ తిరగరాస్తాను.