బాష్పపీడన నిమ్నత నుంచి ద్రావితం బరువు: 60 గ్రాములా, 66.7 గ్రాములా?

ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్:
180 గ్రాముల నీటి బాష్పపీడనాన్ని 10 శాతం తగ్గించాలంటే ఎంత యూరియా కలపాలన్నది లెక్క. యూరియా అణుభారం 60. సాపేక్ష నిమ్నత (బాష్పపీడనంలో తగ్గుదలను శుద్ధ నీటి బాష్పపీడనంతో భాగిస్తే వచ్చేది) 0.1ని నీటి మోల్‌ల సంఖ్య 10తో గుణిస్తే 1 మోల్, అంటే 60 గ్రాములు వస్తోంది. జవాబుల పట్టికలో మాత్రం 66.7 అని ఉంది. కోచింగ్‌లో మాకు చెప్పింది ఈ పొట్టి సూత్రమే. తేడా ఎక్కడ వస్తోందో దయచేసి వివరించగలరు. లెక్కలో ఉష్ణోగ్రత కూడా ఇవ్వలేదు. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కదా, జవాబు మారదా?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు, నల్లకుంట:
పట్టికలోని జవాబే సరైనది. రౌల్ట్ నియమం ప్రకారం సాపేక్ష నిమ్నత ద్రావితం (కరిగే పదార్థం, ఇక్కడ యూరియా) మోల్ భాగానికి, అంటే మొత్తం మోల్‌లలో దాని వాటాకు సమానం. ఆ మోల్ భాగం హారంలో ద్రావితం, ద్రావణి (కరిగించుకునేది, ఇక్కడ నీరు) రెండింటి మోల్‌లూ ఉంటాయి. పొట్టి సూత్రం హారంలో ద్రావితాన్ని వదిలేస్తుంది కనుక బాగా విలీనమైన, అంటే ద్రావితం చాలా తక్కువగా ఉన్న ద్రావణాలకే అది చెల్లుతుంది. మీరు చెప్పిన 60 గ్రాములు కలిపి చూడండి: మోల్ భాగం 1/11, తగ్గుదల 9.1 శాతమే.

నిజానికి ఈ ఉజ్జాయింపుతో పనే లేదు. పీడనంలో తగ్గుదలను శుద్ధ నీటి పీడనంతో కాక ద్రావణం పీడనంతో భాగిస్తే, ద్రావితం మోల్‌లకూ ద్రావణి మోల్‌లకూ ఉన్న నిష్పత్తి కచ్చితంగా వస్తుంది. ఇక్కడ 10ని 90తో భాగించి, నీటి మోల్‌లు 10తో గుణిస్తే 1.11 మోల్‌లు, అంటే 66.7 గ్రాములు. పొట్టి సూత్రంలో తగ్గుదల ఎంత శాతమో జవాబూ అంతే శాతం తక్కువ వస్తుంది. 1 శాతం నిమ్నతకు 6.06 బదులు 6 గ్రాములు వస్తే ఎవరూ పట్టించుకోరు, 10 శాతానికి మార్కులు పోతాయి.

ఎమ్మెస్సీ విద్యార్థిని, తార్నాక:
ఎత్తు గురించి ఒక మాట. ఎత్తుతో మారేది మరుగు స్థానం. బాష్పపీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, బయటి గాలి పీడనం ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పం. 25 డిగ్రీల వద్ద శుద్ధ నీటికి అది విశాఖలోనైనా ఇక్కడైనా సుమారు 23.8 మిల్లీమీటర్ల పాదరసమే. మీ ద్రావణానికి 21.4. ఉష్ణోగ్రత మారితే రెండూ కలిసే మారతాయి, నిష్పత్తి దాదాపు అలాగే నిలుస్తుంది. అందుకే లెక్కలో ఉష్ణోగ్రత ఇవ్వలేదు.

ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్:
ధన్యవాదాలండి. యూరియా బదులు ఉప్పు ఇస్తే?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు, నల్లకుంట:
ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది కనుక వాంట్ హాఫ్ గుణకం (ఒక్కో ద్రావిత కణం ఎన్ని కణాలుగా విడిపోతుందో చెప్పే సంఖ్య) 2 తీసుకోండి. 1.11లో సగం, 0.556 మోల్, దాన్ని ఉప్పు అణుభారం 58.5తో గుణిస్తే 32.5 గ్రాములు. ఇంత గాఢతలో ప్రయోగశాలలో కొలిస్తే అంకె కొంత అటూ ఇటూ అవుతుంది, పరీక్షలో మాత్రం ఇదే రాయండి.