మొకానికి కరెంటు కొట్టినట్టు నొప్పి: గోలీ నెలకే పనిచేయకుంటే?

హన్మకొండ_చౌరస్తా: పేషెంటు వయసు 62. ట్రైజెమినల్ న్యూరాల్జియా (మొకం నరం నొప్పి), కుడి దవడ. కార్బమజెపిన్ గోలీ, 200 మిల్లీగ్రాములది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మూడు వారాలు మంచిగనే ఉండె, మల్ల మొదలైంది. పన్ను పీకుదామని ఒక సలహా. బీపీకి టెల్మిసార్టన్-హెచ్ నడుస్తున్నది. ఇగ ఆపరేషనేనా?

పండ్లడాక్టర్_కాజీపేట: ముందుగాల పన్ను పీకుడు ఆపుర్రి. పుచ్చుపన్ను గంటల తరబడి సలుపుతది, రాత్రి పండనియ్యది, తట్టి చూస్తే ఏ పన్నో దొరుకుతది. ఇది సెకండ్లల్ల, మహా అయితే రెండు నిమిషాలల్ల పోతది. మొకం కడిగినా, గడ్డం గీసినా, ఫ్యాన్ గాలి తగిలినా మల్ల లేస్తది. అసలు మోసం ఎక్కడంటే, చిగుళ్లకు మత్తు సూది ఇస్తే ఈ నొప్పి గూడ కాసేపు ఆగుతది. అది చూసి పన్నుదే అనుకుంటరు. ఎక్స్‌రేల వేరు సాఫ్‌గ ఉంటే ముట్టొద్దు. ఒకటి పీకినంక దాని పక్కది, ఇంకో పక్కది... వరుస ఖాళీ అయితది, నొప్పి మాత్రం కదలది.

గోలీల_కౌంటర్: నెలకు పట్టు తప్పుడు ఈ మందు స్వభావమే, గోలీ నకిలీదని కాదు. తనను కరిగించే లివర్ ఎంజైములను అదే పెంచుకుంటది. మూడు నుంచి ఐదు వారాలల్ల రక్తంల మందు పాలు తగ్గుతది. రోజుకు 400 కాడ ఆగితే చానామందికి సరిపోదు. కొన్ని రోజులకోసారి 100 పెంచుకుంట 600–800 దాకా తీస్కపోతరు, హద్దు 1200. ఒక్కసారే పెంచితే తూలుడు, కండ్లకు రెండు రెండు కనపడుడు. డైక్లో, పారాసెటమాల్ దీనికి నీళ్లతోని సమానం.

సీఆర్ (మెల్లమెల్లగ కరిగేది) అని రాసి ఉన్న గోలీని నూరొద్దు, నమలొద్దు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ పడితే మందు రక్తంల ఒక్కసారిగ పెరుగుతది. దగ్గుకు ఎవరన్న యాంటీబయాటిక్ రాస్తే ఈ గోలీ సంగతి ముందే చెప్పాలె.

న్యూరోవార్డు_సిస్టర్: అందరూ ఒక ముచ్చట దాటేసిన్రు. టెల్మిసార్టన్-హెచ్‌ల 'హెచ్' అంటే హైడ్రోక్లోరోథయజైడ్. అది రక్తంల సోడియం (ఉప్పు) పడగొడుతది, కార్బమజెపిన్ గూడ అంతే. 62 ఏండ్ల మనిషికి రెండూ కలిస్తే డోసు పెంచకముందే సోడియం చూడాలె. 135 కంటె తక్కువొస్తే ముందు బీపీ గోలీ మార్చే మాట డాక్టర్‌తోని మాట్లాడుర్రి. మనిషి మబ్బుగ, పొంతన లేకుంట మాట్లాడితే ముసలితనం అనుకొని ఊకోవద్దు. ఆక్స్‌కార్బజెపిన్‌కు మారితే తూలుడు తగ్గొచ్చు గని సోడియం ఇంకెక్కువ పడుతది. సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష గూడ కావాలె.

మొదటి రెండు మూడు నెలలల్ల ఒంటి మీద దద్దులు, నోట్ల పుండ్లు, జ్వరం వస్తే అదే రోజు దవాఖానకు పోవాలె. స్టీవెన్స్-జాన్సన్ కావొచ్చు, అంటే మందు పడక తోలు ఊడే ప్రాణాంతక రియాక్షన్. అది తప్ప వేరే కారణానికి డాక్టర్‌ను అడగకుంట గోలీ ఎకాఎకి బంద్ పెట్టొద్దు.

హన్మకొండ_చౌరస్తా: సోడియం రేపే చూపిస్తం. ఆపరేషన్ ఎప్పుడు?

స్కానింగ్_రూం: ముందు ఎమ్మారై, అది గూడ మామూలుది కాదు. నరాన్ని సన్నగ చూపే 'సిస్' లేక 'ఫియెస్టా' సీక్వెన్స్ అని చీటీ మీద రాపించుకోవాలె. లేకుంటే నరం మీద ఒత్తుకున్న రక్తనాళం కనపడకనే 'నార్మల్' అని వస్తది. 40 లోపు వయసైనా, రెండు దిక్కుల నొప్పున్నా, చెంప తిమ్మిరెక్కినా గడ్డ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల మీది పొర పాడయ్యే జబ్బు) లేవని తేల్చుకోవాలె.

రెండు మందులు సరిగ్గ వాడినా ఆగకుంటే, లేకపోతే మందే పడకుంటే ఆపరేషన్ ఆలోచన. చెవి ఎనుక పుర్రె తెరిచి, నాళానికి నరానికి నడుమ టెఫ్లాన్ దూది పెడుతరు. పదేండ్ల తర్వాత గూడ పది మందిల సుమారు ఏడుగురికి నొప్పి ఉండది. కొద్దిమందికి ఆ చెవి వినికిడి పోయే ప్రమాదముంది. తట్టుకోలేని ఒళ్లయితే బుగ్గల నుంచి సూది పంపి రేడియోఫ్రీక్వెన్సీతోని నరాన్ని కాలుస్తరు. నొప్పి ఎంటనే పోతది, బదులుకు తిమ్మిరి మిగులుతది, కొన్నేండ్లకు నొప్పి మల్ల రావొచ్చు. నుదురు కొమ్మను కాలిస్తే కంటి గుడ్డుకు స్పర్శ పోయి పుండు పడొచ్చు. గామా నైఫ్ (కోత లేకుంట నరానికి రేడియేషన్ ఇచ్చుడు) పనిచేసేందుకు వారాలు, నెలలు పడుతది. హైదరాబాద్ నిమ్స్‌కు పోతే ఆరోగ్యశ్రీల ఏది వస్తదో ఆరోగ్యమిత్రను అడిగినంకనే తేదీ తీసుకోండి.

న్యూరోవార్డు_సిస్టర్: అప్పటిదాక గోరువెచ్చని జావ, మెత్తటి గట్క. సకినాలు పక్కకు పెట్టుర్రి. బస్సుల కిటికీ సీటు వద్దు, బండి మీద మఫ్లర్ కట్టాలె. నీళ్లు గూడ మింగలేకుంటే ఇంట్ల ఉంచొద్దు, వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి తీస్కపోండి. అసొంటి టైంల ఫెనిటాయిన్ (ఫిట్స్ మందు) సెలైన్‌ల ఎక్కిస్తరు, ఈసీజీ మానిటర్ పెట్టి, నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకుంట. గ్లూకోజ్ సీసాల కలిపితే గడ్డకడుతది.