చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఇంట్లోనే చూసుకోవాలా, మెకానిక్‌కే వదిలేయాలా?

సెకండ్ గేర్:
డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ వెలిగింది. మినుకుమినుకుమనడం లేదు, నిలకడగానే ఉంది. స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లు చదివే చోటు) బ్లూటూత్ స్కానర్ తగిలించి ఫోనులో చూస్తే పి0171 అని వచ్చింది. నెట్‌లో వెతికితే సగం మంది ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మార్చమంటున్నారు. కార్ల పని తెలిసిన మిత్రుడేమో, ‘ఇవి ఇంట్లో తేలేవి కావు, కోడ్ చెరిపేసి బండి పట్టుకురా’ అన్నాడు. ఎవరి మాట వినాలి?

పానా పట్టిన చేయి:
ఇంట్లో తేలేది కాదన్నంత వరకు మీ మిత్రుడు సరిగ్గానే చెప్పారు. కోడ్ చెరిపేయమనడం మాత్రం తప్పు. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత వేగంతో తిరుగుతోంది, దాని మీద ఎంత భారం ఉంది అన్నవన్నీ కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. కోడ్‌తో పాటు అదీ పోతుంది. చాలామంది ఫోనులో కోడ్ చూసి, దొరికిన సెన్సర్ కొని బిగించి, లైటు మళ్ళీ వెలిగాక మా దగ్గరికి వస్తారు. వేలిముద్రలన్నీ తుడిచేసి దొంగను పట్టుకోమంటే ఎలా పట్టుకుంటాం?

మీటరు ముల్లు:
పానా గారూ, మీ కోపం తొందరపాటు మీద. ఇంట్లో చూసుకోవడం మీద కాదు. కోడ్ చూసి సెన్సర్ మార్చేసే గ్యారేజీలు లేవంటారా?

సెకండ్ గేర్ గారూ, పి0171 అంటే మొదటి బ్యాంకులో (ఒకటో సిలిండర్ ఉన్న వరుసలో) మిశ్రమం పలచబడిందని, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోందని. ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పిందే ఆక్సిజన్ సెన్సర్. చెప్పినందుకు దాన్నే పీకేస్తారా?

మీ యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని, కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే రెండు అంకెలుంటాయి, షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసేది), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా చేస్తున్నది). రెండూ కలపండి. సున్నాకు అటూ ఇటూ 5 శాతంలోపు ఉంటే కంగారు లేదు. 10 దాటిందంటే కంప్యూటర్ ఎక్కడో గట్టిగా సర్దుబాటు చేస్తోందన్నమాట. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఒకసారి చూడండి. ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, వేగం పెంచగానే మామూలుకు దిగితే వాక్యూమ్ లీక్‌ను, అంటే ఇంజిన్‌లోకి గాలి పక్కదారిన చొరబడే చీలికను, అనుమానించాలి. ఐడిల్‌లో ఇంజిన్ తీసుకునే గాలే కొంచెం, అందులో దొంగదారిన వచ్చే గాలి వాటా పెద్దది. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) తెరుచుకున్నాక ఆ వాటా చిన్నదైపోతుంది. అలా కాక భారం పడినకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, లేదా మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్ళే గాలిని కొలిచేది) వైపు చూడాలి. ఈ పరీక్షకు పానా కూడా అక్కర్లేదు.

వెనక సీటు:
మా బండికి పి0455, అంటే పెట్రోలు ఆవిరి ఎక్కడో ఎక్కువగా లీకవుతోందనే కోడ్, వచ్చింది. పెట్రోలు ట్యాంకు మూత తీసి, మళ్ళీ టిక్కుమనేదాకా తిప్పాను. కొన్నాళ్ళకు లైటు దానంతట అదే ఆరింది. దీనికి కూడా గ్యారేజీకి వెళ్ళాలా?

పానా పట్టిన చేయి:
మూత తిప్పుకోండి, ఎవరు వద్దన్నారు!

మీటరు గారి లెక్క వినడానికి బాగుంది కానీ అది ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బళ్ళకే సరిపోతుంది. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) ప్రెషర్ చూసి గాలిని అంచనా వేసే బళ్ళలో, లీకై లోపలికి వచ్చిన గాలి కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ మీ ఐడిల్ సూత్రం పనిచేయదు. తన బండి ఏ రకమో తెలియనివారు ఈ అంకెలు చూసి ఏం చేస్తారు? లీకు కనిపెడతామని వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టేవారినీ చూశాను. అది భగ్గున అంటుకునే సరుకు. ఇక పి0420 కనిపిస్తే చాలు, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని తేల్చేస్తారు. సైలెన్సర్ గొట్టం ఎక్కడైనా లీకైనా ఆ కోడ్ రావచ్చు.

మీటరు ముల్లు:
ప్రెషర్ సెన్సర్ బళ్ళ సంగతి ఒప్పుకుంటాను, అది నేనే చెప్పి ఉండాల్సింది. వేడి ఇంజిన్ మీద స్ప్రే కొట్టడం నేనూ ఒప్పుకోను. కానీ పరీక్షలన్నీ అంత ప్రమాదమేమీ కాదు. పి0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం) వచ్చిందనుకోండి. ఒక్కో ప్లగ్గుకు విడి కాయిల్ (నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది) ఉన్న బండి అయితే, ఇంజిన్ ఆపి రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చి నడపండి. కోడ్ పి0303గా మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఒక్క భాగమూ కొనకుండా ఇంతవరకు తెలుస్తుంది. అయితే లైటు మినుకుమినుకుమంటుంటే ఈ పరీక్షలేవీ వద్దు. కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. బండి పక్కన ఆపేయడమే.

సెకండ్ గేర్:
మాది ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండే. ఐడిల్‌లో ట్రిమ్ మొత్తం 21, 2,500 దగ్గర 4. బానెట్ ఎత్తి చెవి పెడితే సన్నగా బుస వినిపించింది. క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగం) నుంచి మానిఫోల్డ్‌కు వెళ్ళే రబ్బరు గొట్టం వంపు దగ్గర అడుగువైపు చీలింది. ఆయిల్ తగిలి అక్కడ రబ్బరు బంకలా మెత్తబడింది. పైనుంచి చూస్తే చీలిక కనిపించదు. బొటనవేలితో మూస్తే బుస ఆగింది, షార్ట్ టర్మ్ ట్రిమ్ కళ్ళముందే పడిపోయింది.

పానా పట్టిన చేయి:
అడుగున వేలు పెట్టి చూశారు, సంతోషం. చేతికి అందే గొట్టం కాబట్టి దొరికింది. మానిఫోల్డ్ గాస్కెట్ (అతుకు మధ్య ఉండే సీలు) అయ్యుంటే?

మీటరు ముల్లు:
అయితే మీ దగ్గరికే వచ్చేవారు, కాకపోతే ఈ అంకెలు రాసుకుని వచ్చేవారు. మీకూ సగం పని తగ్గేది.

పానా పట్టిన చేయి:
అంకెలు తెచ్చినా నేను మళ్ళీ కొలుస్తాను. సెకండ్ గేర్ గారూ, టేపు చుట్టి సరిపెట్టకండి, గొట్టం కొత్తది వేయండి. కోడ్ చెరపకుండా నడపండి. వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్ళలో (బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒక సైకిల్) లోపం కనిపించకపోతే లైటు దానంతట అదే ఆరుతుంది. ఆరకపోతే ఫ్రీజ్ ఫ్రేమ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.