గాల్వా మార్జిన్లో రాసిన మాట: తీరికా, సమయమా, వ్యవధా?

ప్రశ్న: ఫ్రెంచి గణితవేత్త ఎవరిస్ట్ గాల్వా గురించి హైస్కూలు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. 1832 మే 30న ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి, మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. ద్వంద్వయుద్ధానికి ముందురోజు రాత్రి తన పాత వ్యాసాన్ని దిద్దుతూ మార్జిన్లో "జ నే పా ల తాఁ" అని రాశాడు. దీన్ని తెలుగులో ఎలా అనాలి? తీరిక లేదు, సమయం లేదు, వ్యవధి లేదు: మూడూ తోస్తున్నాయి.

జవాబు: తీరిక మాత్రం వద్దండీ. తీరిక లేనివాళ్లు రేపు రమ్మంటారు. ఇతనికి ఆ రేపే అనుమానం. వ్యవధి అంటే ఒకదానికీ మరొకదానికీ నడుమ మిగిలిన గడువు కాబట్టి అదే సరిపోతుంది. అయితే ఆ వాక్యాన్ని ఒంటరిగా తెంపి తేకండి. దాని ముందు "ఈ నిరూపణలో పూరించవలసినది కొంత ఉంది" అని ఉంది. వెనుక కుండలీకరణాల్లో "రచయిత గమనిక" అని కూడా ఉంది! చావు ముంచుకొస్తున్నా అచ్చుకు వెళ్లే రాతప్రతి మర్యాద తప్పలేదు. నాకైతే ఆ గమనికే ఎక్కువ నచ్చింది.

ప్రశ్న: సిద్ధాంతం మొత్తం ఆ ఒక్క రాత్రే రాశాడంటారు కదా?

జవాబు: కట్టుకథ. ఆ వ్యాసం 1831లోనే పారిస్ విజ్ఞాన అకాడమీకి వెళ్లింది. నిరూపణ అర్థమయ్యేలా లేదని, దాన్ని పరిశీలించిన గణితవేత్త పువాసోఁ తిప్పి పంపాడు. ఏ సమీకరణాన్ని వర్గమూలాలు, ఘనమూలాల వంటివాటితో సాధించవచ్చో, దేన్ని సాధించలేమో దాని మూలాలను ఒకదాని చోట మరొకటి మార్చే అమరికల సమూహాన్ని (గ్రూపును) చూసి తేల్చే పద్ధతి అందులో ఉంది. ఆ రాత్రి చేసింది దిద్దుబాట్లు, మిత్రుడు ఒగూస్త్ షెవాలియేకు ఒక పొడవాటి ఉత్తరం.

మరొకరు: ఆ ఉత్తరం చివరి వాక్యాన్నీ వదలకండి. "ఈ గాషీనంతా విప్పి చదివి లాభపడేవారు ఉంటారని ఆశిస్తున్నాను" అంటాడు. గాషీని గందరగోళం అనేస్తారు చాలామంది. గజిబిజి అంటేనే నయం. ఆలోచనకూ చేతిరాతకూ రెండింటికీ చెల్లుతుంది. కొట్టివేతలతో నిండిన ఆ కాగితాలను కుస్తీపట్టి చదివి, 1846లో తన గణిత పత్రికలో అచ్చువేసింది గణితవేత్త జోసెఫ్ లియూవిల్.