‘ప్రస్తుత రికార్డు’ అంటే ఇప్పటి రికార్డా, ఇక్కడి రికార్డా?

డేటాబేస్ ప్రోగ్రామింగ్ మీద ఒక పాఠం తెలుగులో రాస్తున్నాను. ‘కరెంట్ రికార్డ్’ దగ్గర బండి ఆగింది. ‘ప్రస్తుత రికార్డు’ అని రాసి ఒక మిత్రుడికి చూపిస్తే, “అంటే ఈమధ్య ఎక్కించిన రికార్డా?” అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. ‘ప్రస్తుతం’ అనగానే మనకు తట్టేది ‘ఇప్పుడు’ అనే కదా.

అసలు సంగతి వేరు. టేబుల్ నుంచి నలభై వరుసలు వచ్చాయనుకోండి. ప్రోగ్రాం వాటిలో ఒక్కదాని మీద వేలు పెట్టుకుని ఉంటుంది. చదివినా, దిద్దినా, చెరిపినా ఆ వేలి కింద ఉన్నదాన్నే. మూవ్‌నెక్స్ట్ అంటే వేలు ఒక వరుస కిందికి జరుగుతుంది. (లూపులో ఆ ఒక్క మాట రాయడం మరిచిపోయి, మొదటి వరుసనే తెల్లవార్లూ చదివించిన ఘనత నాకుంది.) ఇందులో కాలం ఊసే లేదు. పోనీ ‘వేలికింది వరుస’ అందామా అంటే మరీ చిన్నపిల్లల పుస్తకంలా ఉంటుందేమోనని జంకు.

ఇంకో చిక్కు. వేలు ఎక్కడుందో అంకెతో చెప్పే అబ్సొల్యూట్‌పొజిషన్‌కీ, ఒక వరుసకు గుర్తు పెట్టుకునే బుక్‌మార్క్‌కీ రెండింటికీ ‘స్థానం’ అనే రాసేశాను. అది సరికాదని తెలుస్తోంది కానీ మాట దొరకడం లేదు. పెద్దలు చెప్పాలి.

జవాబు:
‘ప్రస్తుత’ను వదులుకోకండి. ‘స్తుతి’కి మూలమైన ధాతువే దీనికీ మూలం; ‘ప్రస్తావన’ దీని తోబుట్టువు. మాటల్లోకి వచ్చినది, ప్రస్తావనలో ఉన్నది ప్రస్తుతం. కాలం అర్థం తర్వాత వచ్చి చేరింది. అలంకారశాస్త్రంలో అప్రస్తుతప్రశంస గుర్తుందా? వేరేదేదో వర్ణిస్తూ అసలు చెప్పదలచినదాన్ని స్ఫురింపజేయడం. అంత దూరం కూడా అక్కర్లేదు. “అది ఇక్కడ అప్రస్తుతం” అని రోజూ అంటాం. అప్పుడు కాలం ఎవరికైనా తడుతుందా?

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో ‘వేర్ కరెంట్ ఆఫ్’ అని రాసి పక్కన కర్సర్ (మీరు చెప్పిన ఆ వేలు) పేరు ఇస్తే, ఆ కర్సర్ ఏ వరుస మీద ఉందో దాన్నే మారుస్తుంది. ఏ వరుసో విప్పి చెప్పనక్కర్లేదు, ప్రస్తావనలో ఉన్నది అదే కనుక. మీ మిత్రుడికి ఇదొక్కటి వివరిస్తే చాలు, మాట మార్చనక్కర్లేదు.

జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక చిన్న మాట. కర్సర్‌ని మాత్రం కర్సర్‌గానే ఉంచండి. లాటిన్‌లో ఆ మాటకు ‘పరుగెత్తేవాడు’ అని అర్థం. స్లైడ్ రూల్ మీద అటూ ఇటూ జరిపే గాజుపలకనూ కర్సరే అనేవారు. తెలుగు చేయాలన్న ఉత్సాహంలో ‘సూచిక’ అన్నారో, ఇండెక్సుకూ ఆ మాటే వాడతాం కనుక దానితో తగువు.

జవాబు:
రెండో చిక్కు సంగతి నేను చూస్తాను. ఇందులో మన భాషకు ఒక సౌకర్యం ఉందండీ. ఇంగ్లీషువాళ్లు డొంకతిరుగుడుగా అడగాల్సినదాన్ని మనం ఒక్క మాటలో అడుగుతాం: ఎన్నోది?

అబ్సొల్యూట్‌పొజిషన్ ‘ఎన్నోది?’కి జవాబు. బుక్‌మార్క్ ‘ఏది?’కి జవాబు. వరుసలో నిలబడ్డప్పుడు నా ముందున్న ఒకాయన విసిగి వెళ్లిపోతే, ఏడోవాణ్ణి కాస్తా ఆరోవాణ్ణి అవుతాను. మనిషిని మాత్రం నేనే. రికార్డులకూ అంతే. ముందున్న ఒకటి చెరిగిపోతే వెనకవాటి అంకెలన్నీ జరుగుతాయి. బుక్‌మార్క్ పట్టుకున్నది మనిషిని, అంకెను కాదు. కాబట్టి ఒకటి ‘వరుస సంఖ్య’, రెండోది ‘ఆనవాలు’ అనండి.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఒక పాత అప్లికేషన్‌లో, వాడుకరి చూస్తున్న రికార్డు ఎన్నోదో దాచిపెట్టి, జాబితాను మళ్లీ తెప్పించి, అదే అంకె దగ్గరికి పంపేవాణ్ణి. ఈలోగా ఇంకొకరు పైనున్న వరుస చెరిపారు. దిద్దుబాటు వెళ్లి పక్కవాడి ఖాతాలో పడింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అప్పుడు బుక్‌మార్క్‌కి మారబోయాను. అదీ ఆ రికార్డుసెట్ (తెప్పించుకున్న వరుసల కట్ట) తెరిచి ఉన్నంతవరకే. రీక్వెరీ చేస్తే, అంటే వరుసల్ని మళ్లీ తెప్పిస్తే, పాత ఆనవాలు చెల్లదు. చివరికి ప్రైమరీ కీ (ఒక్కో రికార్డుకు ఒక్కటే ఉండే గుర్తింపు) దాచుకుని, దానితో వెతికి, దొరికిన వరుస మీద వేలు పెట్టడమే దారి అయింది. మీ పాఠంలో ఈ ముక్క తప్పక రాయండి.

చెరిపే చోట ఇంకో తమాషా. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ లైబ్రరీ ఏడీఓలో ప్రస్తుత రికార్డును చెరిపినా, అక్కణ్ణుంచి కదిలేదాకా అదే ప్రస్తుతం. పోయినదాని మీదే నిలబడి ఉంటాం. ఆ స్థితిలో విలువ చదవబోతే ఎర్రర్ 3021. ఆఖరిది దాటి అవతలి గట్టెక్కినా అదే ఎర్రర్. దీన్ని ‘చదవడానికి ప్రస్తుత రికార్డు లేదు’ అని చక్కగా చెప్పుకోవచ్చు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ‘ఆనవాలు’ భలే కుదిరింది, తీసుకుంటున్నాను. ఒక్క సందేహం. ఏడీఓకు ముందుతరం లైబ్రరీ డీఏఓలో అబ్సొల్యూట్‌పొజిషన్ 0 నుంచి మొదలు, ఏడీఓలో 1 నుంచి. జావా వైపు వరుస సంఖ్య చెప్పే గెట్‌రో 0 ఇచ్చిందంటే వేలు ఏ వరుస మీదా లేదని అర్థం. డీఏఓ గురించి రాసేటప్పుడు మొదటిదాన్ని ‘సున్నావది’ అనాలా? నోరు తిరగడం లేదు.

జవాబు:
నోరు తిరగకపోవడమే సరైనది. ఆ 0 ‘ఎన్నోది?’కి జవాబే కాదు, ‘ముందు ఎన్ని ఉన్నాయి?’కి జవాబు. మొదటిదాని ముందు ఏమీ లేవు కనుక 0. డీఏఓ దగ్గర ‘ముందున్న వరుసల సంఖ్య’ అని రాయండి, ‘సున్నావది’తో పని ఉండదు.

అడిగినవారు:
అలాగే దిద్ది మిత్రుడికి మళ్లీ పంపాను. ‘ప్రస్తుత’ దాటాడు, ‘ఆనవాలు’ దాటాడు. “ఇది ఎన్నో రికార్డు” అన్న వాక్యం దగ్గర ఆగి, “చాలా రికార్డులనా?” అన్నాడు.

జవాబు:
‘ఎన్నవ’ అని రాయండి.