పదో తేదీ వచ్చిందంటే అందరివీ అర్జంటే, ఏది ముందు పట్టుకోవాల?

అనంత_లెక్కలు:
అన్నా, అక్కా, నేను అనంతపురంలో ఒక ఆడిటర్ ఆఫీసులో రెండేండ్ల నుంచి చేస్తాండా. అరవై పార్టీల, అంటే మా దగ్గర లెక్కలు రాయించుకునే వ్యాపారుల, జీఎస్టీ రిటర్న్‌లు నా నెత్తినే. ఈ పొద్దు కంప్యూటర్ ఆన్ చేసినానో లేదో తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆయన క్యారీబ్యాగు నిండా బిల్లులు తెచ్చి టేబుల్ మీద పోసినాడు, సగం బిల్లులు బండలు కోసిన నీళ్లకు తడిసి ఒకదానికొకటి అతుక్కున్నాయి, అవి చినగకుండా విడదీస్తాంటే బట్టల షాపాయన ఫోను, నా రిటర్న్ ఏమైందప్పా అని, అంతలో సార్ పిలిచి ఎవురిదో బ్యాంకు లోనుకు ప్రాజెక్ట్ రిపోర్ట్ సాయంత్రానికల్లా కావాలన్నాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పని చేసుకుంటా పోయినా. రాత్రి తొమ్మిదికి చూస్తే ఆరు రిటర్న్‌లే పోయినాయి. యూట్యూబ్‌లో చెప్తారు కదా, అర్జంటు, ముఖ్యం అని నాలుగు గడులు గీసి పనులు రాసుకోమని, అదీ చేసినా. అన్నీ అర్జంటూ, ముఖ్యమూ అనే మొదటి గడిలోనే పడినాయి 😭

కర్నూలోడు:
తమ్ముడూ, అరవై మందికీ తారీఖు ఒకటే అయినప్పుడు తారీఖు చూసి ఏం వరస పెడతావు. లేటయితే దెబ్బ ఎవరికి తగుల్తుందో చూడు. ఆ బండలాయన దగ్గర కొనేది జీఎస్టీ ఉండే డీలర్లు. 11 లోపల ఈయన జీఎస్టీఆర్-1, అదే అమ్మిన బిల్లుల రిటర్న్, పోకపోతే 14న వాళ్లకొచ్చే 2బీ అనే కొన్న బిల్లుల లిస్టులో అవి కనపడవు, కొన్నప్పుడు కట్టిన పన్నుకు ఆ నెల వాళ్లకు క్రెడిట్ రాదు, వాళ్లు ఈయన డబ్బులు ఆపుతారు, ఈయనొచ్చి నీ మీద పడతాడు. బట్టల షాపులో కొనేది ఊర్లో జనం, ఆయనది 11 సాయంత్రం వేసినా ఎవరికీ ఏం కాదు, ఎంత అరిచినా సరే. నేనైతే ఒకటో తేదీనే పార్టీలను రెండు కుప్పలు చేసి పెట్టుకుంటా. మూడు నెలలకోసారి వేసేటోళ్లు ఎట్లాగూ 13 దాకా ఆగొచ్చు. పన్ను కట్టే రిటర్న్ 3బీ అయితే 20 దాకా ఉంది, అది దాటితే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, వ్యాపారమేమీ లేని నిల్ రిటర్న్ అయితే 20. ఆ నిల్ రిటర్న్‌లు ఎస్సెమ్మెస్‌తో కూడా పోతాయి, వాటికి కూర్చుని టైం తినొద్దు.

ప్రొద్దుటూరు_అక్క:
మీకు తారీఖులే కనపడతాయి గానీ గేటు దగ్గర నిలబడిన లారీ కనపడదు. నేను మిల్లు ఆఫీసులో చేస్తా. పోయిన నెల ఇట్లే లోడ్ ఎత్తి పెట్టుకోని సరుకు లారీతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు కోసం ఫోన్ చేస్తే మా ఆడిటర్ దగ్గరుండే పిల్లోడు "అక్కా, రిటర్న్‌లల్లో ఉండా, సాయంత్రం చేస్తా" అన్నాడు. 50 వేలు దాటిన సరుకు అది లేకుండా ఎట్ల పంపేది? పని ఐదు నిమిషాలు, డ్రైవర్ మాత్రం నాలుగు గంటలు లారీ కింద టవల్ పరుచుకోని పడుకున్నాడు. నీకోసం ఒక మనిషి ఆగిపోయి ఉంటే, అది చిన్న పనే అయితే, ఫస్టు అది తెంపేయి నాయనా.

కర్నూలోడు:
అక్కా, ఈ-వే బిల్లు లాగిన్ మీదే కదా, మీరే తీసుకోవచ్చు 😀

ప్రొద్దుటూరు_అక్క:
పాస్‌వర్డ్ ఆ పిల్లోని దగ్గరే ఉండాది సామీ!

పాత_గుమాస్తా_కడప:
సార్ ఇచ్చిన పని సంగతి ఎవురూ చెప్పలేదే. ఎవురి పని ముందు అనేది నువ్వు తేల్చుకోవద్దు, ఆయనతోనే తేల్పించు. ఉత్తచేతులతో పోతే లాభం లేదు. ఒక కాయితం మీద మిగిలిన పార్టీల పేర్లు రాసుకోనిపో, సార్, రిపోర్టుకు నాలుగు గంటలు పడుతుంది, అది పట్టుకుంటే ఈ పదీ రేపటికి పోవు, ఏది ఆపమంటారు అని అడుగు. చేయలేను అనే మాట మాత్రం అనొద్దు. ముప్పై ఏండ్లు ఇట్లనే నెట్టుకొచ్చినా.

అనంత_లెక్కలు:
ఈ పొద్దు 11. పెద్దాయన చెప్పినట్లే కాయితం తీసుకోని పోయినా. సార్ అద్దాలు తీసి చూసి "రెండూ చెయ్యి" అన్నాడు. ఇంకేం చేస్తా, వచ్చి కూర్చున్నా. పది నిమిషాలకు ఆయనే బయటికొచ్చి, బ్యాంకాయనకు సోమవారం ఇస్తామని చెప్పినా, నువ్వు అవి కానీ అన్నాడు. బండలాయనది పదకొండున్నరకే పోయింది. బట్టల షాపాయన ఇంకా ఫోన్ చేస్తానే ఉండాడు.