పాత ఛాసిస్‌లో ఫైర్‌వాల్ కార్డా, విడి బాక్సా?

గంటస్తంభం:
విజయనగరంలో ఇంజినీరింగ్ కాలేజీ. 1200 మంది యూజర్లు, 500 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్. కోర్‌లో (నెట్‌వర్క్ నడిబొడ్డున) సిస్కో క్యాటలిస్ట్ 6509 ఉంది, స్లాట్లలో కార్డులు పెట్టుకునే పెద్ద స్విచ్ ఛాసిస్ అది. దాన్ని నడిపే మెయిన్ కార్డు, సూపర్‌వైజర్ 720, ఒకటే ఉంది. ఆ ఛాసిస్‌లో పెట్టే ఎఫ్‌డబ్ల్యూఎస్ఎం అనే ఫైర్‌వాల్ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. 5.5 జీబీపీఎస్ అట, మన లైన్‌కి పదింతలు. స్లాట్ ఎలాగూ ఖాళీ కదా, బాక్స్ దేనికి అంటోంది మేనేజ్‌మెంట్. ఫోర్టిగేట్ 100ఎఫ్ లాంటి విడి ఫైర్‌వాల్ బాక్స్ కొనమని చెప్పడానికి గట్టి కారణాలు కావాలి.

నాగావళి:
5.5 నిజమే గానీ, అది ఐపీ, పోర్టు నంబరు చూసి వదిలే పనికి. ఐపీఎస్ (దాడుల్ని పట్టి ఆపేది) లేదు, అప్లికేషన్ కంట్రోల్ లేదు. వెబ్ ట్రాఫిక్ వెళ్లే 443 పోర్టు తెరిచారంటే అందులోంచి యూట్యూబ్ వెళ్లినా, మాల్వేర్ వెళ్లినా దానికి తేడా తెలీదు. ఇంటి నుంచి పనిచేసే స్టాఫ్‌కి వీపీఎన్ కూడా దానిమీద ఇవ్వలేరు. సిస్కో సపోర్ట్ ఆగిపోయి ఏళ్లయింది, కొత్త ప్యాచ్‌లు రావు. నా లెక్కన ఇదొక్కటే చాలు వద్దనడానికి.

ఇంకోటి చూడండి. ఆ కార్డుకి సొంత పోర్టులుండవు. బ్యాక్‌ప్లేన్‌లో (ఛాసిస్ లోపల కార్డుల్ని కలిపే బోర్డు) ఆరు గిగాబిట్ లింకుల్ని ఒకటిగా కట్టిన ఈథర్‌చానల్ మీద వీల్యాన్లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కులు) అందుకుంటుంది. ఒకటికి మించి ఫైర్‌వాల్ వీల్యాన్లకి స్విచ్ మీద కూడా ఎస్‌వీఐ (ఆ వీల్యాన్‌లో స్విచ్‌కి ఐపీ ఇచ్చే ఇంటర్‌ఫేస్) ఇస్తే, స్విచ్చే రూటింగ్ చేసేసి ట్రాఫిక్‌ని కార్డు ముఖం చూడకుండా పంపేస్తుంది. అందుకే సిస్కో మామూలుగా ఒక్క ఎస్‌వీఐనే ఒప్పుకుంటుంది. 'ఫైర్‌వాల్ మల్టిపుల్-వీల్యాన్-ఇంటర్‌ఫేసెస్' కమాండ్ కొట్టి ఆ కట్టు తీసేసి అలా ఇచ్చేస్తే ఫైర్‌వాల్ ఉండీ లేనట్టే.

పలాస_జీడిపప్పు:
కార్డులన్నీ దండగని కాదు గురూ. డేటాసెంటర్లో సర్వర్ వీల్యాన్ల మధ్య గోడ కట్టాలంటే కేబుల్ లాగక్కర్లేదు, ర్యాక్‌లో చోటూ అక్కర్లేదు. కానీ ఇక్కడ సూపర్‌వైజర్ ఒకటే. అది రీబూట్ అయితే స్విచ్చూ పోయె, ఫైర్‌వాలూ పోయె. స్విచ్ సాఫ్ట్‌వేర్ (సిస్కో ఐఓఎస్) అప్‌గ్రేడ్‌కి కూడా రెండూ ఆపాలి.

బాక్స్ కొన్నా డేటాషీట్లో మొదటి అంకె చూసి మోసపోవద్దు. 100ఎఫ్‌కి ఫైర్‌వాల్ 20 జీబీపీఎస్ అని ఉంటుంది, థ్రెట్ ప్రొటెక్షన్ (ఐపీఎస్, మాల్వేర్ తనిఖీ లాంటివన్నీ ఆన్ చేస్తే వచ్చే వేగం) మాత్రం 1 జీబీపీఎస్. దానికంటే చిన్న మోడల్ 60ఎఫ్‌కి ఇవే అంకెలు 10 జీబీపీఎస్, 700 ఎంబీపీఎస్. 500 లైన్‌కి 60ఎఫ్ కాగితం మీద సరిపోతుంది. కానీ మెమరీ 2 జీబీయే, బాక్స్ సాఫ్ట్‌వేర్ ఫోర్టిఓఎస్ 7.4.4 నుంచి 2 జీబీ మోడళ్లలో ప్రాక్సీ ఫీచర్లు (ట్రాఫిక్‌ని మధ్యలో ఆపి చూసి పంపేవి) తీసేశారు. 1200 మందికి పెట్టకండి.

రెండు బాక్సులతో హెచ్‌ఏ (ఒకటి పోతే రెండోది అందుకునే ఏర్పాటు) చేస్తే లైసెన్స్ రెండింటికీ కొనాలి, కొటేషన్లో ఒకటే రాసి తర్వాత గొడవ పడతారు. ఫర్మ్‌వేర్ ఒకటే వెర్షన్ ఉండాలి, బాక్సులు ఒకదాన్నొకటి కనిపెట్టుకునే హార్ట్‌బీట్ కేబుల్స్ రెండు వెయ్యండి. ఐఎస్‌పీ ఒకే కేబుల్ ఇస్తాడు కాబట్టి ముందు చిన్న స్విచ్ పెట్టి రెండు బాక్సులకీ పంచాలి.

గంటస్తంభం:
ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని విప్పి చూడటం) అందరికీ ఆన్ చేయొచ్చా? లాగ్‌ల సంగతేటి?

నాగావళి:
అందరికీ చేస్తే మర్నాడు పిల్లలంతా మీ గది ముందుంటారు. ఫోన్లలో మీ సీఏ సర్టిఫికెట్ (ఫైర్‌వాల్‌ని నమ్మమని చెప్పేది) ఉండదు కాబట్టి ప్రతి సైట్‌కీ వార్నింగే. బ్యాంకు యాప్‌లైతే చాలావరకు తెరుచుకోవు. డీప్ ఇన్‌స్పెక్షన్ ల్యాబ్ పీసీలకే పెట్టండి, గ్రూప్ పాలసీతో సర్టిఫికెట్ తోసేయొచ్చు. ఫోన్ల వీల్యాన్‌కి సర్టిఫికెట్ ఇన్‌స్పెక్షన్ (లోపల విప్పకుండా సైట్ పేరు, సర్టిఫికెట్ మాత్రమే చూడటం) చాలు. యూడీపీ 443 ఆపండి, బ్రౌజర్లు క్విక్ (యూడీపీ మీద నడిచే వెబ్ ప్రోటోకాల్) వదిలి మామూలు టీసీపీకి దిగుతాయి.

లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల్లో ఉంది. 100ఎఫ్‌లో డిస్క్ లేదు, 101ఎఫ్‌లో 480 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటుంది. ఎలాగైనా వేరే సిస్‌లాగ్ సర్వర్‌కి (లాగ్‌లు దాచే మెషీన్) పంపండి. ఎన్‌టీపీ (గడియారం సరిపెట్టేది) కూడా సరిచూడండి, టైమ్ తప్పిన లాగ్ దేనికీ పనికిరాదు.

పలాస_జీడిపప్పు:
హాస్టల్ నుంచి సర్వర్ రూమ్‌కి రాగి కేబుల్ ఉంటే ఫైబర్‌కి మార్చాకే కొత్త బాక్స్ పెట్టండి, పిడుగులకి ముందు పోయేవి ఆ పోర్టులే. మార్చే రోజు పబ్లిక్ ఐపీలు పలక్కపోతే కాన్ఫిగరేషన్ మీద పడొద్దు. ఐఎస్‌పీ రూటర్‌లోని ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీ ఏ మెషీన్‌దో రాసుకునేది) పాత బాక్స్ మ్యాక్ అడ్రస్ కూర్చుని ఉంటుంది. ఫోన్ చేసి ఏఆర్‌పీ క్లియర్ చెయ్యమనండి.